కెమెరా సంచి - 6వ పాఠం: ఎగ్జిబిషన్‌లో నల్ల చారలు

ఈ వారం ఫోటో ప్రదర్శన హాల్లో ఎలా మెలగాలో చెప్దామనుకున్నాను. సగం రాసి పక్కన పెట్టాను. పోయిన పాఠం చదివి రాత్రిపూట ఎగ్జిబిషన్ మైదానానికి వెళ్ళినవాళ్ళు చూపించిన ఫోటోలు అలా ఉన్నాయి మరి. ఒకరి ఫోటోలో గాజుల అంగడి మీద అడ్డంగా నాలుగు నల్ల పట్టీలు. ఇంకొకరు వరసగా తీసిన పది ఫోటోల్లో మూడు వెలుగ్గా, నాలుగు చీకటిగా, మిగతావి పచ్చగా వచ్చాయి. ఒకాయన కెమెరా చెడిపోయిందని రిపేరుకిచ్చాడు కూడా. చెడిపోలేదు సామీ, వెనక్కి తెచ్చుకోండి.

తప్పులో సగం నాది. గంగమ్మ జాతర పాఠంలో, వేషాలు కట్టినవాళ్ళు ఒక్కచోట నిలబడరు కాబట్టి షట్టర్ స్పీడు, అంటే షట్టర్ తెరిచి ఉండే సమయం, 1/500 సెకను కంటే నెమ్మదిగా పెట్టొద్దని రాశాను. అది మే నెల ఎండకు చెప్పిన మాట. ఎండకు కరెంటుతో పని లేదు. మీరు దాన్నే పట్టుకుని రాత్రి ట్యూబ్‌లైట్ల కిందికి వెళ్ళారు.

ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకె), అపర్చర్ (లెన్సు రంధ్రం సైజు) గురించి మళ్ళీ చెప్పను. రెండో పాఠంలో ఉంది.

మన ఇళ్ళకొచ్చే కరెంటు 50 హెర్ట్‌జ్. అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కో ఊపులో రెండు సార్లు బలం పుంజుకుంటుంది కాబట్టి లైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. మన కంటికి అది తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. పాత చోక్ ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు బాగా కొట్టుకుంటాయి. పాతకాలపు పసుపు బల్బులో తీగ ఒకసారి వేడెక్కితే అంత తొందరగా చల్లారదు కాబట్టి దాంతో పెద్దగా ఇబ్బంది లేదు.

ఇప్పుడు కెమెరా సంగతి. ఫోన్ సెన్సర్, అంటే లోపల వెలుగును పట్టే పలక, బొమ్మనంతా ఒక్కసారిగా తీసుకోదు, పై నుంచి కిందికి వరస వెంట వరస చదువుతుంది. కరెంటు పోతూ వస్తూ ఉన్న రాత్రి ఒకతను గోడకు పై నుంచి కిందికి సున్నం వేస్తున్నాడనుకోండి. లైటున్నంతసేపు వేసిన చోటు తెల్లగా ఉంటుంది, లైటు లేనప్పుడు వదిలేసిన చోటు నల్లగా మిగులుతుంది. మీ ఫోటోలో పట్టీలు అవే. ఒక్కో పట్టీ సెకనులో నూరో వంతు. నాలుగు పట్టీలు కనిపిస్తే మీ ఫోన్ బొమ్మ మొత్తం చదవడానికి 4/100, అంటే 1/25 సెకను తీసుకుంటోందన్నమాట. గీతలు లెక్కపెట్టి ఫోన్ జాతకం చెప్పొచ్చు. నాకు ఇదో సరదా.

పెద్ద కెమెరాలో మామూలు షట్టర్‌తో తీస్తే ఇన్ని పట్టీలు రావు. తెర పై నుంచి కిందికి చాలా వేగంగా పోతుంది కాబట్టి ఒక పక్క చీకటిగానో, ఫోటోకో వెలుగుగానో వస్తుంది. ఆ పది ఫోటోల కథ అదే. అదే కెమెరాలో చప్పుడు రాకుండా సైలెంట్ మోడ్ పెడితే మళ్ళీ ఫోన్ లాగే చారలొస్తాయి. ఎగ్జిబిషన్‌లో అంత గోల ఉంటుంది, మీ షట్టర్ చప్పుడు వినేదెవరు? ఆ మోడ్ తీసేయండి.

ఇక నాకు చిరాకు తెప్పించే మాట. "చారలొస్తున్నాయి, స్పీడు ఇంకా పెంచి చూశాను సార్." ముగ్గురు ఇదే చెప్పారు. స్పీడు పెంచితే చారలు పోవు, ఇంకా ముదురుతాయి. 1/1000లో తీస్తే లైటు కొట్టుకునే ఒక్క దెబ్బలో పదో వంతే మీకు దక్కుతుంది. అది వెలుగున్న ముక్కో, చీకటి ముక్కో మీ చేతిలో లేదు. 1/2000లో ఇరవయ్యో వంతు. దోమ కుట్టిందని గోక్కుంటే దద్దురు పెరిగినట్టు. చేయాల్సింది దానికి సరిగ్గా తిరుగుడు. ఒక దెబ్బ మొత్తం లోపలికి వచ్చేదాకా షట్టర్ తెరిచి ఉంచాలి. 1/100 అంటే సరిగ్గా ఒక దెబ్బ. 1/50 అంటే రెండు. 1/25 అంటే నాలుగు. ఈ మూడే మన ఊరి రాత్రి స్పీడులు. వెలుగు చాలలేదా, ఐఎస్ఓ పెంచండి. ఎక్కువైందా, తగ్గించండి. షట్టర్ ముట్టుకోవద్దు.

"1/60 పెట్టాను కదా, 1/50కి దగ్గరే కదా" అన్నారొకరు. కాదు. 1/60లో ఒక దెబ్బ పూర్తిగా, రెండోది ముక్కాలుకు కాస్త తక్కువగా వస్తుంది. ఆ మిగిలిన ముక్క దగ్గరే లేత చార పడుతుంది. 1/125లో ఒక్క దెబ్బ కూడా నిండదు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్‌జ్ కాబట్టి 1/60, 1/120 అక్కడివాళ్ళకు సరిపోతాయి. అక్కడి వీడియోలు చూసి ఆ అంకెలు ఇక్కడ వాడొద్దు. అన్నో బావో అమెరికా నుంచి పంపిన కెమెరా అయితే మెనూలో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా వీడియో పద్ధతి) అని ఉండొచ్చు. మీరు వీడియో కూడా తీసేవాళ్ళయితే దాన్ని పాల్ (PAL, మన దగ్గరి వీడియో పద్ధతి)కు మార్చండి. కొన్ని కెమెరాలు అప్పుడు కార్డు ఫార్మాట్ చేయమంటాయి, ముందే ఫోటోలు దించుకోండి.

ఇంకొకరి కెమెరాలో 1/100 అనే అంకే లేదట. 1/90 తర్వాత 1/125 వస్తోందట. ఎక్స్‌పోజర్ స్టెప్, అంటే అంకెలు మారే మెట్టు, సగానికి పెట్టి ఉంటుంది. మూడో వంతుకు మార్చండి, కనిపిస్తుంది.

ఇంత చేసినా లేత చారలు వస్తే జనరేటర్‌ను అనుమానించండి. మైదానంలో సగం అంగళ్ళు దాని మీదే నడుస్తాయి. లోడ్ పడేకొద్దీ, తగ్గేకొద్దీ దాని వేగం కాస్త అటూ ఇటూ అవుతుంది, 50 కచ్చితంగా ఉండదు. అక్కడ 1/100 కంటే 1/50, అంతకంటే 1/25 మేలు. ఎన్ని ఎక్కువ దెబ్బలు లోపలికి వస్తే తేడా అంత కలిసిపోతుంది. జెయింట్ వీల్ మీది రంగుల ఎల్ఈడీలు, స్టేజీ వెనక ఎల్ఈడీ తెర మాత్రం ఈ లెక్కకు లొంగవు. వాటి వెలుగును నడిపేది వేరే సర్క్యూట్, దాని లెక్క దానిది. కెమెరాను స్టాండు మీద పెట్టి, తిరిగే చక్రాన్ని షట్టర్ ఒక సెకను తెరిచి తీయండి, గొడవ ఉండదు.

ఏ లైటు కొట్టుకుంటోందో ముందే తెలుసుకోవాలంటే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో పెట్టి లైటు వైపు చూపించండి. నేను మైదానంలో అడుగుపెట్టగానే చేసే మొదటి పని ఇదే. టికెట్ చించిన అబ్బాయి నన్ను కరెంటాఫీసు మనిషి అనుకున్నాడొకసారి.

మరి 1/100లో మనుషులు కదిలిపోరా అంటారు. కదులుతారు. అందుకే వాళ్ళు ఆగే క్షణం కోసం చూడాలి. పెద్ద అప్పడాల అంగడి దగ్గర నిలబడండి. అప్పడం నూనెలో పడగానే బుసబుసా పొంగుతుంది, అతను చువ్వతో తిప్పుతాడు, అప్పుడు తీస్తే చెయ్యి చెదిరిపోతుంది. తర్వాత పైకెత్తి నూనె కారడానికి పట్టుకుంటాడు. అక్కడ, కారం డబ్బా అందుకునే ముందు, ఒక్క అర సెకను ఆగుతాడు. చెయ్యి ఆగుతుంది, అప్పడం చివర నూనె బొట్టు వేలాడుతుంది, ట్యూబ్‌లైటు అప్పడంలోంచి పసుప్పచ్చగా అతని గడ్డం మీద పడుతుంది. ప్రతి అప్పడానికీ ఆగుతాడు. మొదటి నాలుగు వదిలేసి అయిదోదానికి తీయండి. దాన్ని కొన్న పాప రెండు చేతులతో పట్టుకుని కొరికేటప్పుడు కూడా ఆగుతుంది, కాకపోతే మొహం కనపడదు. అదీ బాగానే ఉంటుంది. వాళ్ళమ్మను అడిగి తీయండి.

రంగుల గొడవ ఇప్పుడొద్దు. రా (RAW) ఫైల్‌లో, అంటే కెమెరా రంగులు ఖాయం చేయని ఫైల్‌లో, తీసి ఉంచుకోండి, తర్వాత చూద్దాం.

ఇక హాలు పాఠం, మిగిలిన చోటులో. 1839 ఆగస్టు 19న ఫ్రాన్సు ప్రభుత్వం డాగరే కనిపెట్టిన ఫోటో పద్ధతిని లోకానికి వెల్లడించింది. ఆ తేదీనే ప్రపంచ ఫోటోగ్రఫీ దినం అంటున్నాం. ఏటా ఆ తేదీ చుట్టుపక్కల ఎక్కడ ఫోటో ప్రదర్శన పెట్టినా వెళ్ళండి. మొదటి చుట్టు కెమెరా సంచిలోనే ఉండాలి. నచ్చిన ఫోటో ముందు నిలబడి, అందులో వెలుగు ఏ పక్క నుంచి వస్తోందో ముక్కు నీడ చూసి చెప్పండి. గంటలో నలభై ఫోటోలు చూసినవాడికంటే మూడు చూసినవాడు ఎక్కువ నేర్చుకుంటాడని నా పిడివాదం.

గోడ మీది ఫోటోను గుర్తుకోసం తీసుకోవాలంటే, ఫోటో తీసినవాళ్ళు ఉంటే అడగండి, ఉన్నా లేకున్నా పక్కనున్న పేరు చీటీ కూడా కలిపి తీయండి. ఫ్లాష్ వద్దు. ఫ్రేముకు అద్దం ఉంటే మీరే అందులో కనిపిస్తారు. పోలరైజర్ (అద్దం మీది మెరుపును తగ్గించే ఫిల్టరు) కొనుక్కొచ్చి ఎదురుగా నిలబడి తిప్పుతుంటారు కొందరు. ఎదురుగా ఉంటే అది దాదాపు ఏమీ చేయదు. అద్దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న చోటు నుంచి 55 డిగ్రీల దాకా పక్కకు జరిగితేనే దాని బలమంతా తెలిసేది, అప్పుడు ఫ్రేము వంకరగా వస్తుంది. డబ్బు దండగ. నల్ల చొక్కా వేసుకుని వెళ్ళండి, మీ వెనక కిటికీ, తెల్లగోడ లేకుండా చూసుకోండి. నేను నల్ల ఫుల్‌హాండ్స్ చొక్కాతో వెళ్తాను. తిరుపతి ఉక్కలో అదో శిక్ష. "ఆగస్టులోనే మాల వేశారా సామీ?" అని అడిగాడు హాలు వాచ్‌మన్.

అభ్యాసం. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద ఒకే గోడను 1/1000, 1/500, 1/125, 1/100, 1/60, 1/50లలో ఒక్కోదానికి అయిదేసి ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఇది చేయకుండా మైదానానికి వెళ్ళొద్దు. వెళ్ళాక ఒకే అంగడి ఎంచుకోండి. ఒక గంట అక్కడే. 36 ఫోటోలు, ఫిల్ము రీలు లెక్క, ఒక్కటి కూడా డిలీట్ చేయకూడదు, మధ్యలో తెర చూడకూడదు. షట్టర్ 1/100 లేదా 1/50, అంతే. గంట కాకముందే 36 అయిపోతే మిగతా సమయం ఊరికే నిలబడండి. అంగడివాళ్ళతో మాట్లాడండి, ఏదైనా కొనండి. ముప్పై ఆరింట్లో చెయ్యి ఆగినవి ఎన్నో లెక్క రాసి ఉంచుకోండి, వచ్చే పాఠానికి కావాలి.

అప్పడాల అంగడి మాత్రం ఎంచుకోవద్దు. అక్కడ నేనుంటాను.