తాడు మీద పైకి - 3వ భాగం: రెండు ముడులతో ఎక్కడం

పోయిన భాగంలో ప్రూసిక్ ముడి వేయడం చూశాం, అంటే బరువు పడితే ప్రధాన తాడుని బిగించి పట్టుకుని, బరువు తీస్తే జరిగే ముడి. చీకట్లో కూడా తడబడకుండా వేయగలిగితేనే ముందుకు రండి, లేకపోతే ఇంకో వారం అదే చేయండి, తొందరేం లేదు. 1931లో కార్ల్ ప్రూసిక్ అనే ఆస్ట్రియా పర్వతారోహకుడు దీన్ని పరిచయం చేశాడు. జేబులో పట్టే రెండు సన్నతాళ్లతో ఎంత ఎత్తుకైనా ఎక్కొచ్చు, అందుకే బండలెక్కే ప్రతి ఒక్కరికీ ఇది వచ్చి తీరాలంటాను.

కావలి వైపు తాటిచెట్లెక్కే గీత కార్మికులను గమనించారా? బరువు కాసేపు కాళ్ల మీద, కాసేపు నడుం చుట్టూ ఉన్న మోకు మీద. మనదీ అదే పద్ధతి. చేతులతో లాక్కుంటే నాలుగు మీటర్లకే చేతులు పడిపోతాయి.

ప్రధాన తాడు 10 లేదా 11 మి.మీ. అయితే ముడులకు 6 మి.మీ. నైలాన్ కార్డ్ తీసుకోండి. రొయ్యల చెరువులకూ పడవలకూ అమ్మే ప్లాస్టిక్ తాళ్లు చవగ్గా దొరుకుతున్నాయని వాటి జోలికి పోవద్దు, అవి జారతాయి, రాపిడికి తొందరగా కరుగుతాయి. డైనీమా అనే సన్నటి ప్లాస్టిక్ దారంతో చేసిన స్లింగ్ (పట్టీ ఉచ్చు) కూడా అంతే, దాదాపు 145 డిగ్రీలకే కరుగుతుంది, నైలాన్‌కైతే 200 దాటాలి.

పై ముడి నడుముది. సుమారు మీటరున్నర కార్డ్ రెండు కొసలనీ డబుల్ ఫిషర్‌మన్ ముడితో కలిపి, ప్రధాన తాడుకి మూడు చుట్లు వేసి, లాక్ ఉన్న కారబైనర్‌తో (లోహపు కొక్కెం) హార్నెస్‌కి (నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలు) తగిలించండి. వేలాడినప్పుడు ముడి మీ ముఖం ఎత్తులో ఉండాలి. చెయ్యి అందనంత పైకి పోయిందంటే మధ్యలో ఇరుక్కుపోతారు, అందుకే ఈ కొలత నేల మీదే తేల్చుకోండి. కింది ముడి పాదానిది, దీనికి రెండున్నర నుంచి మూడు మీటర్లు పడుతుంది, పాదం పెట్టి నిటారుగా నిలబడితే ముడి నడుము దగ్గరికి రావాలి. దీన్నీ విడిగా ఒక స్లింగ్‌తో హార్నెస్‌కి కలపండి. ఒక్క ముడి మీద ప్రాణం పెట్టకూడదు.

ఇక ఎక్కడం. పై ముడి మీద కూర్చోండి. బరువు పోయిన కింది ముడికి అడ్డంగా ఉన్న పట్టీని బొటనవేలితో కాస్త తోసి వదులు చేసి పైకి జరపండి, మోకాలు మడవండి, మడమ పిర్రల కిందికి రావాలి. ఇప్పుడు లేచి నిలబడండి. చాలామంది ఇక్కడ కాలు ముందుకు తంతారు, ఒళ్లు వెనక్కి వాలిపోతుంది, సగం శక్తి వృథా. తిన్నగా కిందికే తొక్కాలి. నిలబడగానే పై ముడిని జరిపి మళ్లీ కూర్చోండి. మొదట్లో ముడితో పాటు ప్రధాన తాడే పైకి వచ్చేస్తుంటుంది, కింద ఎవరినైనా పట్టుకోమనండి, లేదా నీళ్ల సీసాలున్న సంచి కట్టండి.

జారుతుంటే ఇంకో చుట్టు పెంచండి, తాడు తడిగా ఉన్నా అంతే. జారేటప్పుడు భయంతో ముడినే గుప్పిట్లో పట్టుకోవద్దు. పట్టుకుంటే అది బిగుసుకోదు, మీతో పాటే కిందికి జారుతూ వేడెక్కుతుంది. టెన్షన్‌లో చెయ్యి అటే పోతుంది కాబట్టి ఇప్పటినుంచే ముడి కింద ఉన్న తాడుని పట్టుకోవడం అలవాటు చేయండి.

ప్రతి మూడు నాలుగు మీటర్లకూ ఆగి, మీ కింద ఉన్న తాడులో ఎనిమిది ముడి (8 అంకె ఆకారంలో ఉండే ఉచ్చు ముడి) వేసి ఇంకో లాక్ కారబైనర్‌తో హార్నెస్‌కి తగిలించండి. కొత్తది తగిలించాకే పాతది విప్పాలి. విసుగే, అయినా మానొద్దు. రెండు ముడులూ జారినా ఆపేది ఇదొక్కటే.

సాధనకి ఊళ్లో బాగా ముదిరిన వేపచెట్టో చింతచెట్టో చాలు, కొమ్మ పచ్చిగా, తొడంత లావుగా ఉండాలి. ఉదయగిరి దుర్గం గోడలకు గానీ భైరవకోన గుహల దగ్గర గానీ తాళ్లు కట్టొద్దు, అవి పాతకాలం కట్టడాలు. ఒంటరిగా మాత్రం చేయొద్దు, ఈ పని వచ్చినవాళ్లు ఒకరు పక్కనుండాలి.

వచ్చే భాగంలోపు మీ ఎత్తు దాటకుండా ఎక్కి, అవే ముడులను కొంచెం కొంచెంగా కిందికి జరుపుతూ దిగి చూడండి. దిగడమే ఎక్కువ కష్టం. అది వచ్చాకే బండ అంచు దాటడం మొదలుపెడదాం.