గద్దలూ బాతులూ, 4వ పాఠం: తోకను కాసేపు వదిలేయండి

మీరు పంపిన పక్షుల జాబితాలు చూశాను. చెన్నై పళ్ళికరణై చిత్తడినేలలో ఒక్క ఉదయం డజను మార్ష్ హారియర్లట (జమ్ము మీద తిరిగే వేటపక్షి)! తోక చీలని ప్రతిదాన్నీ హారియరని రాసేసినట్టున్నారు. ఈసారి బాతుల సంగతి చెబుదామనుకున్నాను గానీ, ముందు ఈ గొడవ తేల్చాలి.

తోక చీలి ఉంటే గద్ద అన్నాను. చీలిక లేకపోతే హారియర్ అని ఎక్కడన్నాను? ఆ పక్కనే ఉన్న పెరుంగుడి చెత్తడిబ్బ మీద తిరిగే మామూలు గద్దనే చూడండి, మలుపు తిరిగేటప్పుడు తోక పూర్తిగా విప్పుతుంది, అప్పుడు చీలిక మాయమై అంచు తిన్నగా కనిపిస్తుంది. గరుడపక్షి పిల్లకైతే ఇంకా ఇటుకరంగూ తెల్లతలా రాలేదు, ఒళ్ళంతా గోధుమరంగు, తోక గుండ్రం. చలికాలంలో వచ్చే బూటెడ్ ఈగిల్ అనే వేటపక్షిలో ముదురు రంగు రకం ఉంది, దాని తోకా తిన్ననే. అది ఎదురుగా వస్తుంటే మెడకు అటూ ఇటూ రెక్క మొదట్లో రెండు తెల్లచుక్కలు హెడ్‌లైట్లలా కనిపిస్తాయి.

కాబట్టి రెక్కలు చూడండి, అదీ ఆడించకుండా తేలుతున్నప్పుడు. హారియర్ రెక్కలు పైకి లేచి 'వి' ఆకారంలో ఉంటాయి. గద్దవి చదునుగానో, కొసలు కాస్త కిందికి వంగో ఉంటాయి. ఫోటో తీసి ఇంటికెళ్ళి జూమ్ చేస్తే లాభం లేదు, రెక్క ఆడించే మధ్యలో క్లిక్‌మంటే ఏ పక్షైనా 'వి'లాగే పడుతుంది. హారియర్ జమ్ము మీద బాగా కిందుగా, తల వంచి వెతుక్కుంటూ పోతుంది. ఆడదైతే ముదురు గోధుమ ఒంటికి మీగడరంగు నడినెత్తి, గొంతు. అది రాగానే బాతులు గుంపుగా లేస్తే ఇంక అనుమానమే వద్దు.

బైనాక్యులర్ 8×42 (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. 10 రెట్లది కొంటే చెయ్యి వణుకే కనిపిస్తుంది.

బాతుల గురించి ఒక్క ముక్క: అక్టోబరులో దిగే మగవి చాలావరకు ఆడవాటిలాగే మట్టిరంగులో ఉంటాయి, అసలు రంగులు డిసెంబరుకి గానీ తేలవు. రంగు వదిలేసి ఆకారం పట్టుకోండి: సూదితోక బాతుకి సన్నటి పొడుగు మెడ, షవలర్ అనే బాతుకి కొస వెడల్పైన ముక్కు. మిగతాది వచ్చేసారి.

అభ్యాసం: ఆదివారం సాయంత్రం పళ్ళికరణైలో వేళచ్చేరి–తాంబరం రోడ్డు వైపు నిలబడండి, ఎండ వీపున పడుతుంది. కెమెరా వద్దు. తేలుతున్న ప్రతి పక్షికీ రెక్కల తీరు ఒక్క గీతగా గీయండి, ముప్ఫై గీతలయ్యేదాకా కదలొద్దు. నాకు ఆ గీతలే పంపండి, పేర్లు రాస్తే చదవను.