గుమ్మం దాకా చక్రాల కుర్చీ: పాత భవనానికి ర్యాంపు కట్టే పద్ధతి

ఉన్న భవనానికి ర్యాంపు కలపాలంటే చాలామంది ముందు మెట్ల పక్కన ఖాళీ ఎంతుందో చూసి, అందులో పట్టినంత పోసేస్తారు. అలా కట్టినది నిటారుగా ఉంటుంది. కుర్చీలో ఉన్న మనిషి సొంతంగా ఎక్కలేరు, దిగేటప్పుడు ముందుకు పడే ప్రమాదం ఉంటుంది. పొడవు గుమ్మం ఎత్తును బట్టి రావాలి. అందుకే మొదటి పని ఎత్తు కొలవడం.

పారదర్శకంగా ఉండే సన్నని గొట్టంలో బుడగలు లేకుండా నీళ్లు నింపండి. ఒక కొన లోపలి నేల దగ్గర, రెండో కొన ర్యాంపు మొదలయ్యే చోట పట్టుకుని రెండు చోట్లా నేల నుంచి నీటి మట్టం ఎంత ఎత్తులో ఉందో కొలిచి, తేడా తీసుకోండి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. టైల్స్ వేయకముందు కొలిస్తే, ఆ తర్వాత వాటి కింది సిమెంటు పొర అయిన బెడ్డింగ్‌తో కలిపి నేల 50 మి.మీ. లేస్తుంది. ర్యాంపు పొడవు మాత్రం పాత లెక్కలోనే ఉండిపోతుంది. కాబట్టి పూర్తయిన నేల నుంచి పూర్తయిన నేలకే కొలవాలి.

వాటం 1:12 కంటే ఎక్కువ ఉండకూడదు. అంటే 1 మి.మీ. ఎత్తుకు 12 మి.మీ. పొడవు. 150 మి.మీ. మెట్లు మూడుంటే ఎత్తు 450, ర్యాంపు 5,400 మి.మీ. కింద, పైన 1,500 మి.మీ. చొప్పున చదును కలిపితే మొత్తం 8.4 మీటర్లు. చేతుల్లో బలం తక్కువున్నవారికి 1:12 కూడా కష్టమే. చోటుంటే 1:20 పెట్టండి, ఇదే ఎత్తుకు చదునులు కాక వాలు ఒక్కటే 9 మీటర్లవుతుంది. ఒకే ఊపులో 760 మి.మీ.కి మించి ఎక్కించకండి. అంతకంటే ఎత్తయితే మధ్యలో ఇంకో 1,500 మి.మీ. చదును ఇచ్చి, అక్కడే మలుపు తిప్పుకోవచ్చు. ఎలా మడిచినా చోటు చాలకపోతే వాటం పెంచవద్దు. ఎత్తు తక్కువున్న మరో ద్వారం చూడండి, లేదా ప్లాట్‌ఫారం లిఫ్టు పెట్టండి. ఆ ద్వారానికి తాళం వేసి ఉంచితే మాత్రం ఈ శ్రమంతా వృథా.

పై చదును మీదికి తలుపు తెరుచుకుంటుంటే, రెక్క తిరిగే మేరకు చదును పెంచాలి. లేకపోతే తలుపు లాగుతూ కుర్చీని వెనక్కి, వాలు మీదికి పోనివ్వాల్సి వస్తుంది. తలుపు తెరిచాక దారి 900 మి.మీ. ఖాళీగా దొరకాలి. 900 రెక్క పెట్టినంత మాత్రాన అంత దొరకదు, రెక్క మందం అందులోంచి పోతుంది. గడప 12 మి.మీ. దాటకూడదు, అంచులు వాలుగా చెక్కాలి.

ర్యాంపు వెడల్పు 1,200 మి.మీ. ముందు చక్రాలు జారిపోకుండా తెరిచి ఉన్న అంచు పొడవునా 100 మి.మీ. గట్టు కట్టండి. పట్టుకునే కమ్మీలు రెండు వైపులా ఉండాలి. పక్షవాతంతో ఒక చేయి పనిచేయనివారు ఎక్కేటప్పుడు పట్టుకున్న కమ్మీ, దిగేటప్పుడు పనిచేయని చేతి వైపుకు వస్తుంది. ఎత్తు 900, దాని కింద 700 మి.మీ.లో రెండోది. కమ్మీ గొట్టం వ్యాసం 40 మి.మీ. దాకా, గోడకు 50 మి.మీ. ఎడం. బ్రాకెట్లు కిందినుంచి బిగిస్తే చేయి ఎత్తకుండా చివరిదాకా జరుపుకోవచ్చు. రెండు కొనల్లోనూ వాలు దాటి 300 మి.మీ. పొడిగించి, దుస్తులు తగులుకోకుండా కిందికి వంచండి.

నేలకు పాలిష్ రాయి వద్దు, తడిస్తే జారుతుంది. జారకూడదని అడ్డంగా సిమెంటు పట్టీలు లేపడం దానికంటే చేటు, చిన్న చక్రాలు వాటి దగ్గరే ఆగిపోతాయి. కాంక్రీటు ఆరకముందే నడిచే దిశకు అడ్డంగా చీపురు గీతలు గీస్తే చాలు. కింద కాలువ ఉంటే జాలీ సందులు 13 మి.మీ. లోపు, అవి కూడా నడకకు అడ్డంగా ఉండాలి. మెట్లను తీసేయకండి. కర్రలతో, కృత్రిమ కాలితో నడిచేవారిలో కొందరికి వాలు కంటే మెట్లే సులువు.

వైకల్యం గల వ్యక్తుల హక్కులపై 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందం 9వ అధికరణం, ప్రజలు వాడే భవనాల్లో అడ్డంకులను గుర్తించి తొలగించమంటుంది. టెండరులో మాత్రం ‘ర్యాంపు 1’ అని రాసి వదిలేస్తుంటారు. అప్పుడు ఏది కట్టినా బిల్లు చెల్లుతుంది. వాటం, వెడల్పు, చదును, కమ్మీ ఎత్తు అంకెలతో సహా రాయించండి. బిల్లుపై సంతకానికి ముందు 1,200 మి.మీ. తిన్నని బద్ద మీద రసమట్టం పెట్టి, ఒక కొన ర్యాంపుకు ఆనించి, దిగువ కొనను బుడగ మధ్యకొచ్చేదాకా లేపండి. కింద సందు 100 మి.మీ. దాటితే వాటం ఎక్కువైనట్టే. బద్దను అడ్డంగా పెడితే 24 మి.మీ. దాటకూడదు. ఒక్కచోట చూసి ఆగకండి. సగటు సరిపోయినా చివరి మీటరు నిటారుగా ఉండటం మామూలే. ఆ తర్వాత కుర్చీ వాడేవారినే, వెనక ఎవరూ నెట్టకుండా, రోడ్డు నుంచి లోపలికి రమ్మనండి. ఎక్కడ ఆగితే అక్కడ సున్నంతో గుర్తు పెట్టి మేస్త్రికి చూపించండి.