కడుపు క్యాన్సర్ ఆపరేషన్‌కి మనిషిని ముందే ఎలా రెడీ చేయాలి?

కడుపులో క్యాన్సర్ అని తేలిందగ్గర్నుంచి ఆపరేషన్ డేట్ వచ్చేదాకా మన ఇళ్లల్లో జరిగేది ఒకటే, మనిషిని మంచం మీద పడుకోబెట్టి "నువ్వు కదలకు నాన్నా" అంటూ పూటకో గ్లాసు జావ, కొబ్బరినీళ్లు ఇవ్వడం. ప్రేమతోనే చేస్తారు, కానీ ఆ వారాల్లోనే కండ కరిగిపోయి మనిషి సగమైపోతాడు. చాలామందికి ముందు కీమో ఉంటుంది, ఎఫ్‌ఎల్‌ఓటీ అనే కీమో అయితే రెండు వారాలకోసారి చొప్పున నాలుగు సైకిల్స్, ఆ తర్వాత కొన్ని వారాల గ్యాప్, అంటే దాదాపు మూడు నెలలు మన చేతిలో ఉంటాయి. దయచేసి ఆ టైమ్ వదులుకోకండి.

1. ముందు బరువు చూడండి
ఆరు నెలల్లో ఎంత తగ్గారో లెక్కేసి డాక్టర్‌కి మీరే చెప్పండి. 65 కేజీల మనిషి 58కి వచ్చాడంటే పది శాతం దాటినట్టే, డైటీషియన్‌ని వెంటనే కలవాలి. బలం రావడానికి ఆపరేషన్ ఒకటి రెండు వారాలు వెనక్కి జరుపుదాం అంటే కంగారు పడొద్దు, అది పేషెంట్ మంచికే.

2. ప్రోటీన్ లెక్క
అసలు సంగతి ఇక్కడే ఉంది. కేజీ బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి, అంటే 60 కేజీల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. నీళ్లలో కాచిన రాగిజావ గ్లాసుడు తాగితే వచ్చేది రెండు గ్రాములు! అదే మూడు గుడ్లు పెడితే 18, అరలీటరు పాలకి 16, ముళ్లు తీసిన చేపో మెత్తగా ఉడికించిన కోడి కీమానో వంద గ్రాములు పెడితే ఇంకో 20, మిగతాది ముద్దపప్పు, గట్టి పెరుగు, డాక్టర్ రాసిన ప్రోటీన్ పౌడర్‌తో సరిపోతుంది. జావే కావాలంటే పాలతో కాచి, అందులో పాలపొడి కలపండి. కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టండి, ఆపరేషన్ తర్వాత కూడా తిండి అలాగే ఉంటుంది కాబట్టి ఇప్పట్నుంచే అలవాటవుతుంది. (కిడ్నీ ప్రాబ్లం ఉంటే ఈ లెక్క డాక్టర్‌ని అడిగాకే.)

నిన్న తిన్నది ఇవాళ వాంతి అవుతుంటే మాత్రం బలవంతంగా తినిపించొద్దు. కడుపు కింది దారి మూసుకుపోయి ఉండొచ్చు, అలాంటప్పుడు ముక్కులోంచి పేగుదాకా సన్నటి ట్యూబ్ వేసి ఫీడ్ ఇస్తారు.

3. నడిపించండి
రోజుకి అరగంట, ఒకేసారి కుదరకపోతే పది నిమిషాల చొప్పున మూడుసార్లు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం రావాలి, అదే సరైన స్పీడ్. దీంతోపాటు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం. కీమో అయిన రెండు మూడు రోజులు నీరసంగా ఉంటే తగ్గించండి, పూర్తిగా మానేయొద్దు. కళ్లు తిరిగినా, మలం నల్లగా వచ్చినా నడక ఆపి హాస్పిటల్‌కి వెళ్లాలి.

4. మూడు బంతుల స్పైరోమీటర్
ఊపిరితిత్తులకి కసరత్తు చేయించే చిన్న ప్లాస్టిక్ పరికరం ఇది, మెడికల్ షాప్‌లో దొరుకుతుంది. చాలామంది దీన్ని బుడగ ఊదినట్టు ఊదుతారు, తప్పు. ముందు ఊపిరి వదిలేసి, పైపు పెదాలతో గట్టిగా పట్టుకుని మెల్లగా లోపలికి లాగాలి, బంతి పైకి లేచాక రెండు మూడు సెకన్లు అలాగే ఆపాలి. కోత పైపొట్టలో పడుతుంది కాబట్టి తర్వాత నొప్పికి భయపడి ఎవరూ గట్టిగా ఊపిరి తీయరు, కఫం పేరుకుని నిమోనియా వస్తుంది. ఇది ఇప్పుడే చేతికొచ్చేస్తే అప్పుడు కష్టపడక్కర్లేదు.

5. మిగతావి
సిగరెట్, మందు కనీసం నాలుగు వారాల ముందే బంద్. గుట్కా, ఖైనీ కూడా. రక్తం తక్కువుంటే ఐరన్ సెలైన్‌లో ఎక్కించడం గురించి అడగండి, మాత్రలు చాలామందికి పడవు. షుగర్ కంట్రోల్‌లోకి తేవాలి. రక్తం పలుచబడే మాత్రలు, షుగర్ మాత్రలు ఏవి ఎప్పుడు ఆపాలో స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లి మత్తు డాక్టర్‌కి చూపించండి, సొంతంగా ఆపొద్దు.

6. ముందురోజు
రాత్రి నుంచి చుక్క నీళ్లు కూడా ముట్టకూడదనే పాత పద్ధతి ఇప్పుడు చాలాచోట్ల లేదు, మామూలుగా తిండి ఆరు గంటల ముందు, నీళ్లు రెండు గంటల ముందు ఆపితే చాలంటారు. కానీ కడుపు దారి మూసుకుపోయినవాళ్లకి ఇది వర్తించదు, కాబట్టి మీ పేషెంట్‌కి ఏ టైమ్‌కి ఏది ఆపాలో వార్డులో అడిగి కాగితం మీద రాయించుకోండి.