దగ్గితే వస్తుంది, మాట్లాడితే రాదు: పెద్దవాళ్ల గొంతు సమస్యలు, పరిష్కారాలు

ముందు ఒక జాగ్రత్త. ఉన్నట్టుండి మాట తడబడి, దాంతో పాటు మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా ఇది చదువుతూ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. గొంతు బొంగురు 4 వారాలు దాటినా, మింగడం కష్టమైనా, మెడలో గడ్డ తగిలినా, చుట్ట అలవాటున్నా ఈఎన్‌టీ డాక్టరు కెమెరాతో స్వరపేటిక చూడాల్సిందే. అక్కడ గడ్డలూ పక్షవాతమూ లేవని తేలాకే కింద రాసినవి.

సమస్య: జలుబు తగ్గింది, గొంతు రాలేదు. గుసగుసే వస్తోంది

దగ్గమనండి. ఖంగుమని దగ్గితే, జోకుకి నవ్వినప్పుడు నవ్వు పక్క గదిలోకి వినిపిస్తే, స్వరతంత్రులు (స్వరపేటికలో కలిసి అదిరి శబ్దం పుట్టించే రెండు మడతలు) పనిచేస్తున్నట్టే. కెమెరాలోనూ అదే కనిపిస్తుంది: దగ్గినప్పుడు రెండూ కలుస్తాయి, "ఆ" అనమంటే దూరంగా ఉండిపోతాయి. హార్మోనియం బాగానే ఉంది, తిత్తీ బాగానే ఉంది, వేలికే మెట్టు దొరకడం లేదు.

జలుబుతో మొదలవ్వచ్చు. చెరువులో రొయ్యలు పోయి అప్పు మీద పడ్డప్పుడో, కువైట్ నుంచి కూతురి ఫోను రానప్పుడో మొదలవ్వచ్చు. ఏ టెన్షనూ లేనివాళ్లకీ వస్తుంది కాబట్టి లేని కారణం కోసం తవ్వకండి. ఇంట్లోవాళ్లు "నాటకాలాడుతోంది" అంటుంటారు. అది తప్పు, పైగా హాని. మనిషి కావాలని చేస్తున్నది కాదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించడం వల్ల నష్టం ఆలస్యమే. "గొంతుకి రెస్టు ఇవ్వండి" అనే సలహా కూడా ఇక్కడ పనికిరాదు; మౌనం ఎంత సాగితే అలవాటు అంత బిగుసుకుంటుంది.

స్పీచ్ థెరపిస్టు ఆ దగ్గునే పట్టుకుంటారు. దగ్గు చివర "ఉఁ" అని సాగదీయిస్తారు. అది నిలిస్తే "ఉమ్మ్...", తర్వాత "మా", "అమ్మా". నీళ్లు నోట్లో పోసుకుని శబ్దంతో పుక్కిలించడమూ ఇదే పని చేస్తుంది. మన గోదావరి వాళ్లకి ఇంకో సదుపాయం ఉంది: "ఆయ్". ఆలోచించకుండా నోట్లోంచి వచ్చే మాట కదా, "ఉమ్మ్" వెనకాలే దాన్ని అనిపించడం తేలిక. అక్కణ్ణుంచి "ఆయ్, వస్తానండీ", ఆ తర్వాత వారాల పేర్లు, అంకెలు. కొందరికి హెడ్‌ఫోన్‌లో హోరు వినిపిస్తూ పేపరు చదివిస్తారు. తన గొంతు తనకి వినపడక మనిషి గట్టిగా చదివేస్తాడు. మొదటి సిట్టింగులోనే గొంతు వచ్చేసేవాళ్లూ ఉన్నారు.

సమస్య: పొద్దున బాగుంటుంది, సాయంత్రానికి బొంగురు, మెడ పట్టేసినట్టు నొప్పి

టీచర్లు, పురోహితులు, సంతలో కేకలు పెట్టి అమ్మేవాళ్లు. గొంతు చుట్టూ కండరాలు బిగబట్టి మాట్లాడటమే కారణం. గ్లాసు నీళ్లలో స్ట్రా కాస్త ముంచి, బుడగలు వచ్చేలా "ఊ" అంటూ ఊదండి, రోజులో నాలుగైదుసార్లు. మెడ కండరాలు వదులు చేసే మర్దన థెరపిస్టు దగ్గరే నేర్చుకోవాలి. గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అనుకోవద్దు, అందులోనూ బిగింపు ఉంటుంది. క్లాసులో చిన్న మైకు పెట్టుకోవడానికి మొహమాటం ఎందుకో నాకు అర్థం కాదు.

సమస్య: కుర్రాడికి మీసాలొచ్చాయి, ఫోనులో ఇంకా "అమ్మా, నాన్నగారున్నారా?" అంటున్నారు

స్వరపేటిక పెరిగింది, పాత సన్నగొంతు అలవాటు పోలేదు. గొంతు మీది గట్టి బుడిపెని థెరపిస్టు వేలితో మెల్లగా వెనక్కి, కిందికి నొక్కి "ఆ" అనిపిస్తే లావు గొంతు పలుకుతుంది. దాన్ని సాధన చేయించడమే. ఆపరేషన్ అవసరం పడేది అరుదు. పెళ్లిచూపుల దాకా దాచిపెట్టుకోకుండా తీసుకెళ్లండి.

సమస్య: పెద్దయ్యాక హఠాత్తుగా నత్తి

న్యూరాలజిస్టు చూశాకే మాట్లాడుకోవాలి. తన పేరు దగ్గరే ఆగిపోయి, మనసు వేరే పనిలో ఉన్నప్పుడు మాట సాఫీగా వస్తే ఫంక్షనల్ నత్తి (మెదడులో దెబ్బేమీ లేకుండా, మాట నడిచే తీరు తప్పడం వల్ల వచ్చేది) కావచ్చు. మెడ, కనుబొమలు బిగించే ప్రయాసని విడిపించడంతో చికిత్స మొదలవుతుంది. "నిదానంగా చెప్పు" అని పక్కనుంచి అందించకండి.

తగ్గినట్టే తగ్గి మళ్లీ పోతే

గొంతు వచ్చిన రోజే ఫోనులో రికార్డు చేసి ఉంచుకోండి. మళ్లీ పోతే అది విని, దగ్గు నుంచి "ఉమ్మ్" దాకా అదే వరసలో రండి. థెరపిస్టు కాకినాడలోనో రాజమండ్రిలోనో ఉండి, గోదావరి లంక ఊళ్ల నుంచి రావడం కష్టమైతే వీడియో కాల్ అడగండి. మొదటి పరీక్ష అయ్యాక ఈ సాధన చాలావరకు అలా నడుస్తుంది.