బైపీసీ తర్వాత ఏ దారి? సీమ విద్యార్థులు తేల్చుకునే పద్ధతి

కర్నూలు, అనంతపురం, కడపల్లో బైపీసీ చదివే పిల్లల్లో ఎక్కువమంది లక్ష్యం ఎంబీబీఎస్సే. మంచి లక్ష్యమే. ఇబ్బందల్లా వైద్య కోర్సుల జాతీయ ప్రవేశ పరీక్ష నీట్ ఒక్కదానికే దరఖాస్తు చేసి మిగతావి వదిలేయడం. ఫలితాలొచ్చాక వేరే దారి చూద్దామనుకునేసరికి ఆ పరీక్షలన్నీ అయిపోయి ఉంటాయి. అందుకే ఏ దారి, ఏ పరీక్షలు అన్నది ఇంటర్ రెండో ఏడాది మొదట్లోనే తేల్చుకోవాలి.

ముందు ఇష్టాన్ని పరీక్షించుకోండి

బయాలజీ ఇష్టమనే వాళ్లందరి ఇష్టమూ ఒకటి కాదు. ఒకరికి మనిషి శరీరం, జబ్బులు. ఇంకొకరికి పంటలు, పురుగులు. మరొకరికి పశువులు. కొందరికి రోగులతో పనిలేదు, కణంలో ఏం జరుగుతోందో తెలిస్తే చాలు. వేసవి సెలవుల్లో మూడు చోట్లకు వెళ్లి రండి. మీ మండలంలో పశువుల ఆసుపత్రికి పొద్దున్నే వెళ్లి, డాక్టరు గారి అనుమతి తీసుకుని రెండు మూడు గంటలు పక్కన నిలబడండి. రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకులు పొలానికి వెళ్లేటప్పుడు వెంట వెళ్లండి. తెలిసినవాళ్ల రక్తపరీక్షల ల్యాబ్‌లో ఒక పూట కూర్చోండి. రక్తం చూస్తే కళ్లు తిరుగుతున్నాయా, ఎండలో పొలం గట్టున విసుగొస్తోందా, ల్యాబ్‌లో ఒకే పని యాభైసార్లు చేయగలరా అన్నది అక్కడే తేలుతుంది. అమ్మానాన్నలు కూడా ఈ పరీక్ష జరగనివ్వాలి.

ఏ పరీక్షతో ఏ కోర్సు

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం, అంటే 360 మార్కులు బయాలజీవే. తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. పరీక్ష తెలుగులో రాయవచ్చు, కానీ ఆ మాధ్యమం దరఖాస్తులోనే ఎంచుకోవాలి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్నే ప్రమాణం కాబట్టి సాంకేతిక పదాలు రెండు భాషల్లోనూ నేర్చుకోవడం మేలు. ఎంబీబీఎస్, బీడీఎస్‌తో పాటు ఆయుర్వేదం, హోమియో, యునానీ సీట్లకూ నీట్ ర్యాంకే కావాలి. కడపలో ప్రభుత్వ హోమియో కళాశాల, కర్నూలులో యునానీ కళాశాల ఉన్నాయి. వెటర్నరీకి కూడా నీట్ ర్యాంకే చూస్తారు. పశువైద్యం చదవాలనుకుని రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ మాత్రమే రాసేవాళ్లు ఈ ఒక్క విషయం తెలియక ఏడాది పోగొట్టుకుంటారు. ప్రొద్దుటూరులోనే వెటర్నరీ కళాశాల ఉంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి కోర్సు ఐదున్నరేళ్లు.

ఏపీ ఈఏపీసెట్ అగ్రికల్చర్, ఫార్మసీ విభాగంలో 160 ప్రశ్నలు: బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఒక్కోటి 40. నెగిటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలకూడదు. నీట్‌కు చదివిన చదువే దాదాపు దీనికీ సరిపోతుంది. వేగం మాత్రం విడిగా సాధన చేయాలి. బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్, ఫిషరీస్, బీఫార్మసీ, ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సులకు దారి ఇదే.

పంటల వైపు

ఈ మూడు జిల్లాల పిల్లలకు ఇది పెద్ద అవకాశమని మా గట్టి అభిప్రాయం. మహానందిలో వ్యవసాయ కళాశాల, రైల్వే కోడూరు దగ్గర అనంతరాజుపేటలో ఉద్యాన కళాశాల ఉన్నాయి. నంద్యాలలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, కదిరిలో శెనక్కాయ రకాలు తయారుచేసే పరిశోధన స్థానం ఉన్నాయి. అనంతపురం చీని, దానిమ్మ, పులివెందుల అరటి, కోడూరు మామిడి తోటల్లో తెగుళ్లు, డ్రిప్ ఎరువులు, విత్తన నాణ్యత తెలిసినవాళ్లకు పని ఉంటుంది. నాలుగేళ్ల డిగ్రీ అయ్యాక వ్యవసాయ శాఖ, విత్తన కంపెనీలు, పరిశోధనే కాకుండా బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్రాధికారి ఉద్యోగాలకు బ్యాంకు నియామకాల సంస్థ ఐబీపీఎస్ పెట్టే పరీక్ష కూడా రాయవచ్చు. పట్టుపురుగుల మీద ఆసక్తి ఉంటే హిందూపురం దగ్గర కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉంది, ఒకసారి చూసి రండి.

జాగ్రత్త ఒకటి. వేరే రాష్ట్రంలో ప్రైవేటు బీఎస్సీ అగ్రికల్చర్ సీటు ఇస్తామని ఫోన్లొస్తాయి. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఆ విశ్వవిద్యాలయానికి ఉందా, ఆ కళాశాలకూ కోర్సుకూ వర్తిస్తుందా అన్నది ఐసీఏఆర్ వెబ్‌సైట్‌లో మీరే చూడండి. గుర్తింపు లేకుంటే నాలుగేళ్ల తర్వాత పీజీ ప్రవేశంలో, ప్రభుత్వ ఉద్యోగ దరఖాస్తులో చిక్కు వస్తుంది.

ఆసుపత్రి పని, డాక్టరు కాకుండా

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్‌ఎం మూడేళ్లు. కళాశాల ఎంచుకునేటప్పుడు భవనం కంటే ఆసుపత్రి చూడండి: ఎన్ని పడకలు, రోజూ రోగులు వస్తున్నారా, విద్యార్థులకు వార్డు డ్యూటీ నిజంగా వేస్తున్నారా. కర్నూలు పెద్దాసుపత్రి లాంటి చోట శిక్షణ దొరికితే చేతి పని గట్టిపడుతుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు తప్పనిసరిగా చూసుకోవాలి. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులకైతే పారామెడికల్ బోర్డు గుర్తింపు అడగండి. ఫార్మ్‌డీ ఆరేళ్లు, బీఫార్మసీ నాలుగేళ్లు. మందుల తయారీ, నాణ్యత పరీక్షల వైపు వెళ్లాలంటే బీఫార్మసీ చాలు.

పరిశోధన ఇష్టమైతే

సైన్సు చదువుకు, పరిశోధనకు పెట్టిన కేంద్ర సంస్థ ఐసర్ దగ్గరలో తిరుపతిలోనే ఉంది. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సు. దాని ప్రవేశ పరీక్షలో 60 ప్రశ్నలు, ఒక్కో సబ్జెక్టుకు 15. బైపీసీ వాళ్లు అర్హులే గానీ లెక్కల ప్రశ్నలు 15 ఉంటాయి. వాటిని పూర్తిగా వదిలేస్తే పావు వంతు మార్కులు పోయినట్టే. పదో తరగతి లెక్కలు మళ్లీ తిరగేసి, ఇంటర్ ఎంపీసీ పుస్తకంలోంచి సంభావ్యత, సమితులు, కలనం మొదటి అధ్యాయాలు మూడు నెలలు చదవండి.

మామూలు బీఎస్సీకి శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాల పరిధిలో కళాశాలలు చాలా ఉన్నాయి. చేరడం సులువు, చేరి ఊరకే ఉండిపోవడం ఇంకా సులువు. మొదటి ఏడాదిలోనే బీఎడ్‌తో టీచరు వృత్తా, పీజీతో పరిశోధనా అన్నది అనుకోండి. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ లాంటి ఉద్యోగాలకైతే చదువుతో పాటు నడక కూడా సాధన చేయాలి: మగవాళ్లు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి.

లాంగ్ టర్మ్ ఎప్పుడు

నీట్‌కు ఎన్నిసార్లయినా కూర్చోవచ్చు, గరిష్ఠ వయసు లేదు. అయినా మొదటిసారే బయాలజీలో 360కి 280 దాటి, ఫిజిక్స్ దగ్గర మాత్రమే ఆగిపోయినవాళ్లకు ఇంకో ఏడాది కోచింగ్, అంటే లాంగ్ టర్మ్, అర్థవంతం. మూడు సబ్జెక్టులూ తక్కువగా ఉంటే వచ్చిన అగ్రికల్చర్ లేదా నర్సింగ్ సీటు వదులుకోవద్దని మా సలహా.

కాగితాలు

ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకోండి. మీరు లోకల్ కోటా (స్థానికులకు ఉంచే సీట్లు) కిందికి వస్తారా అన్నది వీటి మీదే తేలుతుంది. ఇంటర్ విజయవాడలో చదివినా, చివరి ఏడేళ్లు రాష్ట్రంలోనే ఉండి, అందులో ఎక్కువ ఏళ్లు సీమలో చదివి ఉంటే శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధి లోకల్‌గానే లెక్క. ఆదోని, ఆలూరు, రాయదుర్గం వైపు పిల్లలు కర్ణాటకలోని బళ్లారికి ఇంటర్‌కు వెళ్లే ముందు ఇది ఆలోచించాలి: చివరి రెండేళ్లు రాష్ట్రం దాటితే ఆ లెక్క తెగిపోతుంది. బీసీ విద్యార్థులకు ఇంకోటి: నీట్ ఆలిండియా కోటాకు రాష్ట్ర కులధ్రువపత్రం చాలదు, కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణిలో లేరని చెప్పే) పత్రం కావాలి. ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో ఆర్థికంగా వెనుకబడినవాళ్ల) పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదే ఉండాలి, కాబట్టి పాతది పట్టుకుని కౌన్సెలింగ్‌కు వెళ్లకుండా ఏప్రిల్‌లో సచివాలయంలో కొత్తగా దరఖాస్తు పెట్టండి.