ఆన్‌లైన్‌లో సంగీతం కోర్సు: మొదటి పాఠానికి ముందే చేసుకోవాల్సిన పనులు

రాజమండ్రిలో మా ఇంట్లో సంగీతం క్లాసు అంటే ముందు గదిలో చాప, మధ్యలో శ్రుతి పెట్టె, చుట్టూ ఏడెనిమిది మంది పిల్లలు. 2020 లాక్‌డౌన్‌లో చాప చుట్టి పక్కన పెట్టి లాప్‌టాప్ తెరిచాను. మొదటి రోజు నలుగురు పిల్లలు. అలవాటు ప్రకారం "అందరూ నాతో పాటు" అని ఆది తాళం వేసి సరిగమ ఎత్తుకున్నాను. రెండో ఆవర్తనానికే, అంటే తాళం రెండో చుట్టుకే, అంతా కలగాపులగం. ఒకరి గొంతు వినిపిస్తే ఇంకొకరిది తెగిపోతోంది. నేను పై షడ్జం (పై స) మీదుంటే అవతలి పాప ఇంకా ధైవతం (ద) దగ్గరే ఉంది. డల్లాస్ నుంచి ఆ పాప తల్లి, "టీచర్‌గారూ, ఇక్కడ మాకు మీతో సరిగ్గా కలిసే వినిపిస్తోందండీ" అంది.

ఆమె చెప్పింది నిజమే. నా గొంతు అక్కడికి చేరడానికి కొంత సమయం, పాప గొంతు తిరిగి ఇక్కడికి రావడానికి మరికొంత సమయం పడుతుంది. అక్కడ కలిసిన తాళం నా దగ్గరికి వచ్చేసరికి వెనకబడి ఉంటుంది. ఇంటర్నెట్ ఎంత మంచిదైనా ఈ ఆలస్యం పూర్తిగా పోదు. మీరు పాటల టీచరై ఆన్‌లైన్ కోర్సు పెట్టాలనుకుంటే ప్లాన్ అంతా దీని చుట్టూ వేసుకోండి. పిల్లలు మనతో కలిసి పాడాల్సింది రికార్డింగుతో. లైవ్ క్లాసు మనం వినడానికి.

ముందు ఒక కాగితం మీద కోర్సు ఎక్కడ ఆగుతుందో రాయండి. "కర్ణాటక సంగీతం నేర్పుతాం" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, మనకు కూడా. నా మొదటి కోర్సు 24 వారాలు. చివరికి పాప సరళీ వరుసలు (మొట్టమొదటి స్వర పాఠాలు), జంట వరుసలు (ఒక్కో స్వరం రెండేసి సార్లు వచ్చేవి) తాళం తప్పకుండా, ఒంటరిగా, రెండు కాలాల్లో, అంటే రెండు వేగాల్లో పాడాలి. మూడో కాలం, అలంకారాలు, గీతాలు తర్వాతి కోర్సులో. మొదటి రెండు వారాలు షడ్జం, పంచమం, పై షడ్జం నిలబెట్టడానికి, చేతికి తాళం అలవాటు కావడానికి. తర్వాత 10 వారాలు సరళీ వరుసలకి, 8 వారాలు జంట వరుసలకి. మిగిలిన నాలుగు, అంటే 6, 12, 18, 24 వారాల్లో కొత్త పాఠం ఉండదు. జలుబు చేసినవాళ్ళు, ఊరెళ్ళినవాళ్ళు, పరీక్షలున్నవాళ్ళు అప్పుడు మిగతావాళ్ళని అందుకుంటారు. ఈ ఖాళీ వారాలు పెట్టకపోతే రెండు నెలలకే ఒక్కొక్కరు ఒక్కో పాఠంలో ఉంటారు, బ్యాచ్ చెదిరిపోతుంది.

ఇక రికార్డింగు. నేను ఎక్కువ కష్టపడింది ఇక్కడే, ఫలితం ఎక్కువగా కనిపించిందీ ఇక్కడే. ఖరీదైన కెమెరా అక్కర్లేదు, ఫోను చాలు. గది మాత్రం చూసుకోండి. ఉత్త గోడలున్న హాల్లో గొంతు ప్రతిధ్వనిస్తుంది. పరుపు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న పడగ్గది మేలు. నేను తెల్లవారుజామున ఐదింటికి, వీధిలో బళ్ళు, పక్కింట్లో కుక్కర్ విజిళ్ళు మొదలవకముందే, ఫ్యాను ఆపేసి కూర్చుంటాను. ఫ్రేములో మొహం ఒక్కటే ఉంటే లాభం లేదు. తొడ మీద చెయ్యి, దెబ్బ తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు స్పష్టంగా కనపడాలి. పిల్లలు తాళం నేర్చుకునేది ఆ వేళ్ళు చూసే.

ఒక వీడియోలో ఒక్క వరుసే ఉండాలి, ఐదు నిమిషాలు దాటకూడదు. ఆరోహణ ఒక ఆవర్తనం నేను పాడతాను. తర్వాతి ఆవర్తనం నోరు మెదపకుండా తాళం మాత్రం వేస్తాను. ఆ ఖాళీలో పాప పాడాలి. అవరోహణ కూడా అంతే. ఇలా నాలుగు సార్లయ్యాక ఖాళీలు లేకుండా ఇద్దరం కలిసి పాడే భాగం వస్తుంది. లైవ్‌లో కుదరని ఆ "నాతో పాటు" ఇక్కడ చక్కగా కుదురుతుంది, ఎందుకంటే వీడియో నడిచేదీ పాప పాడేదీ ఒకే గదిలో.

శ్రుతి గురించి ఒక హెచ్చరిక. నేను అన్నీ నా గొంతుకి సరిపోయే ఐదున్నర శ్రుతిలోనే రికార్డు చేసేశాను. ఒక అబ్బాయికి పదమూడో ఏట గొంతు మారింది, ఆ వీడియోలు ఒక్కటీ పనికి రాలేదు. పాపం, తనకి సంగీతం రాదనుకుని మానేస్తానన్నాడు. తెలిసిన మాస్టారిని బతిమాలి మగ గొంతుకి సరిపోయే ఒకటో శ్రుతిలో మళ్ళీ అన్నీ పాడించాను. మీరు మొదటే రెండు శ్రుతుల్లో చేసిపెట్టుకోండి.

వీడియోల్ని యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా, అంటే వెతికితే కనపడకుండా, పెట్టి లింకు పంపితే సరిపోతుంది. ఆ లింకు ఎవరి చేతికి వెళ్ళినా తెరుచుకుంటుందన్నది గుర్తుంచుకోండి.

లైవ్ క్లాసుకి నేను జూమ్ వాడతాను. ఉచిత ఖాతాలో 40 నిమిషాలకి మీటింగ్ ఆగిపోతుంది. నలుగురు పిల్లల బ్యాచ్‌కి అది చాలు, ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు, మిగిలినవి కొత్త పాఠానికి. నలుగురిని మించి తీసుకోకండి. ఒకరు పాడుతుంటే మిగతా ముగ్గురూ మైకు ఆపేసి తాళం వేస్తూ ఉండాలి. సెట్టింగుల్లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" అని ఉంటుంది, రెండు వైపులా దాన్ని ఆన్ చేయించండి. అది లేకపోతే తంబూరాని జూమ్ ఫ్యాను చప్పుడనుకుని తగ్గించేస్తుంది, పాప సాగదీసి పట్టిన షడ్జాన్ని కూడా మధ్యలో మింగేస్తుంది. అది ఆన్ చేసినప్పుడు ఇయర్‌ఫోన్లు తప్పనిసరి, లేకపోతే మన గొంతు మనకే తిరిగొస్తుంది. తంబూరా యాప్ పాడేవాళ్ళ పక్కనే, ఇంకో ఫోన్లో మోగాలి. ఇవన్నీ మొదటి క్లాసులో చేయించబోతే క్లాసంతా వాటికే అయిపోతుంది. అంతకు ముందే ఒక్కో ఇంటివాళ్ళతో విడిగా పావుగంట కూర్చోండి.

వారం మధ్యలో పిల్లలు ఒక రికార్డింగు పంపాలి. ఇది మాత్రం వదులుకోకండి. అమెరికాలో పియానో కూడా నేర్చుకునే పాపకి మాయామాళవగౌళలో (ఈ మొదటి పాఠాలన్నీ పాడే రాగం) శుద్ధ రిషభం, అంటే స పక్కనే ఉండే కింది రి, నిలవదు, తెలియకుండానే దానికి పైనున్న చతుశ్రుతి రిషభానికి జారుతుంది. గుంపులో అది దాక్కుంటుంది, ఒంటరి రికార్డింగులో వెంటనే దొరుకుతుంది. జవాబుగా నేను ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పంపుతాను, "బాగా పాడావమ్మా, రి కొంచెం కిందకి, స పక్కనే, ఇలా" అని. ఒక్కసారికి ఒక్క తప్పే చెప్పండి. పిల్లల రికార్డింగులు గ్రూపులో పెట్టించవద్దు, అమ్మ ఫోను నుంచి నేరుగా మీకే రావాలి. పన్నెండు మంది పిల్లలుంటే వీటికే వారానికి గంట, గంటన్నర పడుతుంది. ఫీజు నిర్ణయించేటప్పుడు ఆ సమయాన్ని కూడా లెక్క వేసుకోండి. ఫీజు నెలనెలా కాకుండా 12 వారాలకి ఒకసారి తీసుకోవడం ఇద్దరికీ సుఖం.

విదేశాల పిల్లలుంటే టైము రాసేటప్పుడు జాగ్రత్త. శనివారం మనకి రాత్రి ఏడున్నర అయితే న్యూజెర్సీలో వేసవిలో ఉదయం పది, చలికాలంలో తొమ్మిది. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలు ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. మొదటి ఏడాది నవంబర్‌లో నేను గంటసేపు ఖాళీ తెర ముందు కూర్చున్నాను, పిల్లలు ఎనిమిదిన్నరకి ఒక్కసారిగా వచ్చారు. ఇప్పుడు రెండు దేశాల టైములూ పక్కపక్కన రాసి, ఆ మార్పుకి వారం ముందు అందరికీ ఫోన్ చేస్తాను.

డబ్బులు తీసుకునే బ్యాచ్ మొదలుపెట్టే ముందు తెలిసిన ఇళ్ళ పిల్లలు ముగ్గురితో నాలుగు వారాలు ఉచితంగా నడిపి చూడండి. ఏ వీడియో దగ్గర ఆగిపోతున్నారో తెలుస్తుంది, దాన్ని మళ్ళీ తీయండి. పిల్లలు మొదటి వారం పంపిన రికార్డింగు ఫోన్లో జాగా లేదని తీసేయకండి. 24వ వారం క్లాసులో ముందు దాన్ని వినిపించి, తర్వాత ఆ పాప చేతే అదే వరుస పాడిస్తాను. ఆ రోజు అమ్మమ్మలూ తాతయ్యలూ కూడా వచ్చి పక్కన కూర్చుంటారు.